గోడకు నీళ్లు... ఆటకు వేళలు!

ఇంట్లో మేస్త్రీలు. తెరమీద శత్రువులు. మధ్యలో పిల్లల హోంవర్కు! ఒకప్పుడు నెట్ కెఫేల్లో ఆటలు నేర్చిన తరం ఇప్పుడు ఇళ్లు బాగుచేయించుకునే వయసుకొచ్చింది. ఆట మాత్రం మానలేదు. సంసారం, సిమెంటు, సరదా... మూడూ ఒకే కప్పు కింద ఇమిడేదెలా?

'ఇల్లు కట్టి చూడు... పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఆ రెండింటిలో ఏది ఎక్కువ కష్టమో వాళ్లు తేల్చలేదు. వాళ్లు చెప్పనిది ఇంకోటి కూడా ఉంది. కట్టిన ఇంట్లో కాపురం ఉంటూనే దాన్ని బాగుచేయించుకోవడం! కొత్త ఇల్లయితే కొంత నయం. పని జరిగేది అక్కడ, మనం ఉండేది ఇక్కడ. సాయంత్రం వెళ్లి చూసొస్తే సరి. పాత ఇంటికి మరమ్మతులంటే అలా కుదరదు. వంటిల్లు వరండాలోకి వస్తుంది. బీరువా హాల్లోకి వస్తుంది. మంచం మీద పుస్తకాలు, పుస్తకాల మీద దుమ్ము. పొద్దున తొమ్మిదింటికే 'ఇసుక అయిపోయింది సార్' అంటాడు మేస్త్రీ. పది దాటితే ప్లంబరు ఫోనెత్తడు. ఆపైన పిల్లాడికి రేపు యూనిట్ టెస్టు!

ఇవన్నీ ఎలాగోలా గట్టెక్కించి రాత్రి తొమ్మిదిన్నరకి కుర్చీలో కూలబడితే... హెడ్‌ఫోన్‌లోంచి పిలుపు. 'అన్నా, ఎక్కడున్నావ్? ముగ్గురం రెడీ. నువ్వొక్కడివే తక్కువ!'

అవతల ఆ ముగ్గురు. ఇవతల ఇంట్లో ముగ్గురు. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ చాలా ఇళ్లలో మాటామాటా పెరిగేది ఇక్కడే. 'ఎప్పుడు చూసినా ఆ ఆటే' అని ఒకరు. 'రోజంతా చాకిరీ చేసి ఓ గంట ఆడుకుంటే తప్పా' అని ఇంకొకరు. ఇద్దరూ లెక్కపెట్టేది గంటల్నే. తగువు మాత్రం అక్కడ లేదు. ఎన్ని గంటలన్నది కాదు... ఏ గంటలన్నది ముఖ్యం. ఇంకాస్త లోతుకెళ్తే, అవి ఎవరి గంటలన్నది ఇంకా ముఖ్యం!

కెఫే కుర్రాళ్లు... కుటుంబరావులు!

ఆన్‌లైన్ ఆటలంటే పిల్లల వ్యవహారం అనుకుంటాం. అవి పుట్టింది మాత్రం కాలేజీ విద్యార్థుల చేతుల్లో. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి 'మడ్' అనే ఆటకి శ్రీకారం చుట్టాడు. ఆ తర్వాత దాన్ని పెంచి పెద్దచేసింది రిచర్డ్ బార్టిల్. అందులో బొమ్మల్లేవు. రంగుల్లేవు. అంతా అక్షరాలే. ఉత్తరానికి వెళ్లాలన్నా, తలుపు తీయాలన్నా టైపు చేయాల్సిందే. అయినా ఎక్కడెక్కడో కూర్చున్నవాళ్లంతా ఒకే లోకంలో కలిసి తిరగడం ఆ రోజుల్లో పెద్ద వింత. బయటివాళ్లు కూడా ఫోన్ లైన్ మీదుగా ఆ కంప్యూటర్లోకి వచ్చి ఆడేవారు. పగలు కాదు సుమా... యూనివర్సిటీకి కంప్యూటర్‌తో పనిలేని రాత్రివేళల్లోనే! అంటే, ఆన్‌లైన్ ఆటకీ నిద్రకీ పేచీ పురిట్లోనే మొదలైందన్నమాట.

ఆ తర్వాత 1997లో 'అల్టిమా ఆన్‌లైన్', 1999లో 'ఎవర్‌క్వెస్ట్', 2004 నవంబరులో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' వచ్చాయి. ఈ చివరిదానికి 2010 నాటికి కోటీ 20 లక్షల మంది చందాదారులు. వాళ్లంతా స్కూలు పిల్లలేనా అంటే... కానేకాదు. నిక్ యీ అనే పరిశోధకుడు ఇలాంటి ఆటలాడే వేలమందిని కొన్నేళ్లపాటు ప్రశ్నించి 2006లో ఆ వివరాలు ప్రచురించాడు. ఆటగాళ్ల సగటు వయసు 26 ఏళ్లు. వారిలో టీనేజీవాళ్లు పాతిక శాతమే. సగంమంది పూర్తిస్థాయి ఉద్యోగులు. 36 శాతానికి పెళ్లయింది. 22 శాతానికి పిల్లలున్నారు. వాళ్లు ఆటకి ఇచ్చే సమయం సగటున వారానికి 22 గంటలు. మూడు పనిదినాలకి దగ్గర దగ్గర!

మన దగ్గరి కథ వేరు. 2000 తర్వాత హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి ఊళ్లలో గల్లీకో నెట్ కెఫే వెలిసింది. ఈమెయిల్ చూసుకునేవాళ్లు ఒకవైపు, 'కౌంటర్ స్ట్రైక్', 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' ఆడేవాళ్లు మరోవైపు. గంట లెక్కన డబ్బులు కాబట్టి జేబు ఖాళీ అయితే ఆట ఆగేది. 2016లో జియో రావడంతో డేటా చవకైంది. 2018లో 'పబ్‌జీ మొబైల్' వచ్చి ఆటను అరచేతిలో పెట్టింది. 2020 లాక్‌డౌన్‌లో 'లూడో కింగ్' అమ్మమ్మలచేత కూడా పాచికలు వేయించింది. అదే ఏడాది సెప్టెంబరులో ప్రభుత్వం పబ్‌జీని నిషేధించడం, 2021లో అది 'బీజీఎంఐ' పేరుతో తిరిగి రావడం, 2022లో మళ్లీ ఆగిపోవడం, 2023లో మళ్లీ మొదలవడం... అంతా చూసిందే. జేబు ఖాళీ అయితే ఆగే ఆట కాస్తా ఎంతకీ ఆగనిదైంది. ఆనాటి కెఫే కుర్రాళ్లకిప్పుడు ముప్ఫై అయిదు, నలభై ఏళ్లు. ఇంటి రుణం, ఇద్దరు పిల్లలు, కారుతున్న బాత్రూము!

పాజ్ బటన్ లేదు మరి

'కాస్త ఆపి రావచ్చుగా...' ఇంట్లోవాళ్లకి అర్థం కానిది ఇదే. క్యారమ్స్ ఆడుతుంటే ఆపి వెళ్లొచ్చు. టీవీ సీరియల్ అయితే రేపు ఫోన్లో చూసుకోవచ్చు. కంప్యూటర్‌తో ఒంటరిగా ఆడేదైనా సరే, మీట నొక్కితే అక్కడే ఆగుతుంది. నలుగురూ కలిసి నెట్‌లో ఆడేది మాత్రం ఒకరి కోసం ఆగదు. అక్కడ ఎదురుగా ఉన్నదీ మనుషులే, పక్కనున్నదీ మనుషులే. బీజీఎంఐలో ఒక పెద్ద మ్యాచ్ చివరిదాకా ఆడితే దాదాపు అరగంట. 'డోటా 2' లాంటివి నలభై నిమిషాల దాకా పోతాయి. మధ్యలో వదిలేస్తే ఓడిపోయేది ఒక్కరు కాదు, జట్టంతా! పదేపదే వదిలేసేవాళ్లకి ఆటే శిక్ష వేస్తుంది.

వార్‌క్రాఫ్ట్ తొలినాళ్లలో అయితే పెద్ద రాక్షసుణ్ని పడగొట్టాలంటే ఏకంగా 40 మంది ఒకేసారి కూడాలి. దాన్ని 'రెయిడ్' అంటారు. 40 మందికీ ఒకే రాత్రి, ఒకే సమయానికి తీరిక దొరకడమంటే పెళ్లి ముహూర్తం పెట్టడం కంటే కష్టం! గంటల తరబడి సాగే ఆ పోరులో మందు వేసేవాడు కాస్తా పిల్లాడు ఏడ్చాడని లేచి వెళితే మిగతా 39 మంది సంగతి అంతే. 2007 జనవరిలో వచ్చిన కొత్త భాగంలో ఆ సంఖ్యను 25కీ, 10కీ తగ్గించారు.

కాబట్టి 'ఒక్క నిమిషం' అని గదిలోంచి వినిపించే జవాబు ప్రతిసారీ అబద్ధం కాదు. అలాగని ప్రతిసారీ నిజమూ కాదు! మ్యాచ్ అయ్యాక 'ఇంకొక్కటి' అనడం ఆట నియమం కాదు, అలవాటు. ఈ రెంటికీ తేడా ఇంట్లోవాళ్లకి తెలియాలి. ఆడేవాళ్లకి ముందు తెలియాలి.

సిమెంటుకీ లేదు పాజ్!

ఆటకి ఉన్నట్టే ఇంటిపనికీ దాని గంటలు దానికున్నాయి. కొత్తగా వేసిన కాంక్రీటు గట్టిపడాలంటే తడి ఆరకూడదు. మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు, బూడిద కలిపిన సిమెంటయితే కనీసం 10 రోజులు తడుపుతూ ఉండాలని మన భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. మన ఎండలకి ఇంకొన్నాళ్లు తడిపితే ఇంకా మంచిది. గోడలకి చేసిన ప్లాస్టరింగుకీ వారం రోజులు నీళ్లు కొట్టాల్సిందే. 'పొద్దున మర్చిపోయాను, రాత్రికి డబుల్ కొడతా' అంటే గోడ వినదు. ఒకసారి ఎండి నెర్రెలిచ్చాక ఎన్ని నీళ్లు పోసినా ఆ పగులు పూడదు.

బాత్రూములో వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తే టైల్స్ వేసేముందే నీళ్లు నిలబెట్టి ఒకటి రెండు రోజులు చూడాలి. కింది అంతస్తు వాళ్ల కప్పుకి చెమ్మ దిగలేదని తేలాకే ముందుకెళ్లాలి. ఆ ఒక్కరోజు తొందరపడితే ఏడాది తిరక్కుండా అంతా తవ్వి మళ్లీ మొదలుపెట్టాలి. టైల్స్ అతికించాక ఒకరోజు వాటిమీద నడవకూడదు. లప్పం ఆరాలి, ప్రైమరు ఆరాలి, ఒక కోటింగ్ రంగు ఆరాకే రెండోది వేయాలి.

పాత రంగు గీకించే రోజు మరీ జాగ్రత్త. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. ఆ పొడి పిల్లల ఒంట్లోకి వెళితే మెదడు ఎదుగుదలకే చేటు. చిన్నపిల్లల్నీ గర్భిణుల్నీ ఆ రోజు బంధువులింటికి పంపేయాలి. పాత రంగును పొడిగా రుద్దకుండా తడిపి గీకించాలి. సాయంత్రం ఇల్లంతా తడిగుడ్డతో తుడవాలి. దుమ్ము కంప్యూటర్‌కీ గిట్టదు. లోపలి ఫ్యాన్లలో చేరి వేడెక్కిస్తుంది. కాబట్టి ఆ రోజు కంప్యూటర్‌కి ప్లగ్గు తీసి దుప్పటి కప్పేయడమే తెలివైన పని. ఆరోజుకి ఆట సెలవు!

ఇక్కడే ఒక చిత్రం గమనించాలి. ఇంటిపనిలో వాయిదా వేయలేని గంటలు కొన్నే. మిగతావన్నీ ఎదురుచూపులే. రంగు ఆరేదాకా, నీళ్లు నిలిచేదాకా, టైల్స్ పట్టేదాకా మనం చేయగలిగింది ఏమీ లేదు. ఆటకి చోటు ఉన్నది ఆ ఖాళీల్లోనే. తెల్లారి ఆరింటికి గోడ తడిపి ఓ అరగంట ఆడుకుంటే అడిగేవారుండరు. అదే సాయంత్రం మేస్త్రీ లెక్క చూపించే వేళ హెడ్‌ఫోన్ పెట్టుకుంటే... డబ్బులూ పోతాయి, మాటా పడుతుంది!

అసలు గొడవ ఎక్కడ?

అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ పరిశోధకులు 349 జంటలను పలకరించి, 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. భార్యాభర్తల్లో కనీసం ఒకరు ఇలాంటి ఆన్‌లైన్ ఆటలు ఆడేవాళ్లే. ఒక్కరే ఆడే ఇళ్లలో 84 శాతం ఆడేది భర్త. ఆటగాళ్లతో కాపురం చేస్తున్నవాళ్లలో 75 శాతం మంది 'ఆ శ్రద్ధేదో కాస్త సంసారం మీద పెడితే బాగుండు' అన్నారు. ఇంతవరకూ ఊహించిందే.

ఊహించనిది ఆ తర్వాత ఉంది. కాపురంలో అసంతృప్తికి కారణం ఆడే గంటల సంఖ్య కాదట! ఆట వల్ల వచ్చే వాదులాటలు, ఇద్దరూ ఒకే వేళకి నిద్రకు చేరకపోవడం... నిప్పు రాజేసేవి ఈ రెండేనట. రోజంతటి కబుర్లు చెప్పుకునేది ఆ పడుకునే ముందు పావుగంటే. పిల్లాడి ఫీజు, అత్తగారి మోకాలినొప్పి, వంటింటి గట్టుకి నల్ల గ్రానైటా ఎర్రదా... అన్నీ అప్పుడే తేలతాయి. ఆ పావుగంట ఆటకి పోతే మర్నాడు మేస్త్రీ ముందు ఒకరు నలుపంటారు, ఇంకొకరు ఎరుపంటారు. దాంతో గ్రానైటు తగువు కాస్తా ఆట తగువవుతుంది. ఆట తగువు పుట్టింటిదాకా పోతుంది!

ఇంకో లెక్క ఉంది. అది మన దేశానిదే. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే మహిళలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే మగవాళ్లు వెచ్చించేది 97 నిమిషాలు. అయిదేళ్ల తర్వాత 2024లో చూస్తే అవి 289, 88. ఇద్దరికీ కాస్త తగ్గింది... మధ్యనున్న దూరం మాత్రం చెక్కుచెదరలేదు.

ఇల్లు మరమ్మతుల్లో ఉన్నప్పుడు ఆ భారం ఎటు పెరుగుతుందో చెప్పాలా? పనివాళ్లకి టీలు, మంచినీళ్లు. వరండాలో వంట. రోజుకి రెండుసార్లు ఊడ్చినా పోని దుమ్ము. ఏ డబ్బాలో ఏముందో గుర్తుపెట్టుకోవడం. తొమ్మిదిన్నరకి ఒకరు హెడ్‌ఫోన్ పెట్టుకోగలిగారంటే, ఆ సమయంలో ఇంకొకరు గిన్నెలు కడుగుతున్నారేమో చూసుకోవాలి. 'నువ్వు ఆడొద్దు' అనే మాటకి చాలాసార్లు అర్థం 'నాకు తీరికెక్కడ' అని! ఆడేది భార్యయినా లెక్క ఇదే. 'క్యాండీ క్రష్' ముందు కూర్చున్న అమ్మని పిల్లాడు మూడుసార్లు పిలిచినా పలకకపోతే, వాడికి నొప్పి ఒకటే.

శిక్ష కాదు... బహుమతి!

దీనికో చక్కని ఉపాయం ఆటలోనే ఉంది. వార్‌క్రాఫ్ట్ తయారీలో ఉన్నప్పుడు, జనం మరీ అతుక్కుపోకుండా ఓ నిబంధన పెట్టారు. ఎక్కువసేపు ఆడితే వచ్చే పాయింట్లు సగానికి పడిపోతాయి. పరీక్షగా ఆడినవాళ్లు మండిపడ్డారు. దాంతో తయారీదారులు అదే లెక్కను తిరగేశారు. ఆట ఆపి విశ్రాంతి తీసుకుని వచ్చినవాళ్లకి కాసేపటిదాకా రెట్టింపు పాయింట్లు! అంకెల్లో పెద్ద తేడా లేదు. పేరు మారిందంతే. శిక్ష అనుకున్నది బహుమతైంది. జనం సంతోషంగా ఒప్పుకున్నారు.

ఇంట్లోనూ అంతే. 'ఆ దిక్కుమాలిన ఆట ఆపుతావా లేదా' అంటే మొండితనం పుడుతుంది. 'గోడలు తడిపి, పిల్లల పుస్తకాలు చూసి, ఆ తర్వాత గంట నీది. ఎవరం పిలవం' అంటే ఆ గంటకి విలువ వస్తుంది. ఎవరూ గొణగని గంట... గొణుగుతుండగా దొంగచాటుగా ఆడిన మూడు గంటల కంటే హాయి! అయితే ఒప్పందం రెండువైపులా ఉండాలి. ఇటు ఒక గంట ఇస్తే, అటు కూడా ఒక గంట. ఆ గంటలో ఆమె నిద్రపోతుందా, నడకకెళ్తుందా, చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతుందా అన్నది ఆమె ఇష్టం. ఆ సమయంలో తలుపు కొట్టినవాడి సంగతీ, పాలవాడి సంగతీ, ఏడ్చే పిల్లాడి సంగతీ ఆయన చూసుకోవాలి!

ప్రభుత్వాలు కూడా ఈ దారిలో కొన్ని ప్రయత్నాలు చేశాయి. దక్షిణ కొరియా 2011లో ఒక చట్టం తెచ్చింది. 16 ఏళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదు. పదేళ్లు గడిచాక 2022 జనవరిలో దాన్ని ఎత్తేసి, వేళలు నిర్ణయించుకునే బాధ్యతను కుటుంబాలకే వదిలేసింది. చైనా 2021లో ఇంకా బిగించింది. 18 ఏళ్లలోపువారికి శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 వరకే ఆట. నలభై ఏళ్ల నాన్నకి మాత్రం ఏ దేశమూ వేళ పెట్టలేదు. ఆ చట్టం ఆయనే చేసుకోవాలి. సాక్షి సంతకం ఇంటావిడది!

గోడ తెరిచినప్పుడే...

మరమ్మతులు ఆటకి అడ్డమే కాదు, అవకాశం కూడా. వైఫై సిగ్నల్ గోడలు దాటేకొద్దీ నీరసిస్తుంది. వేగంగా పనిచేసే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి ఇనుప చువ్వల కాంక్రీటు గోడ మరీ అడ్డు. ఎలాగూ గోడలు చెక్కి కరెంటు పైపులు వేయిస్తున్నప్పుడే నెట్ కేబుల్‌కి ఓ పైపు వేయిస్తే తర్వాత గోడ పగలగొట్టే పని తప్పుతుంది. కరెంటు తీగల పైపులోనే దాన్ని దూర్చకూడదు. దానికి వేరే పైపు, కాస్త ఎడం ఉండాలి. క్యాట్-6 రకం కేబుల్ వంద మీటర్ల దాకా ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. మన ఫ్లాట్లకి అది ఎక్కువే! పిల్లల ఆన్‌లైన్ చదువులకీ, ఇంటినుంచి పని చేసే రోజులకీ కూడా అదే పనికొస్తుంది. కాబట్టి 'ఆట కోసం ఖర్చా' అనే మాటా రాదు.

కంప్యూటరు ఎక్కడ పెట్టాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. పడగ్గదిలో మాత్రం వద్దు. తెర వెలుతురు, కీబోర్డు చప్పుడు, 'లెఫ్ట్‌లో ఉన్నాడు చూడు' అనే అరుపులు పక్కవాళ్ల నిద్రకి శత్రువులు. తలుపు మూసుకునే ప్రత్యేక గది కూడా మంచిది కాదు. లోపల ఎంతసేపైందో లోపలివారికీ తెలీదు, బయటివారికీ తెలీదు. హాల్లో ఓ మూల, నలుగురి కళ్లూ పడేచోట ఓ బల్ల చాలు. పిల్లలు ఏం ఆడుతున్నారో పెద్దలకి కనిపిస్తుంది. పెద్దలు ఎంతసేపు ఆడుతున్నారో పిల్లలకీ కనిపిస్తుంది!

కలిసి ఆడితే కలదు సుఖం

ఆ బ్రిగమ్ యంగ్ అధ్యయనంలోనే ఒక తీపి కబురుంది. దంపతులిద్దరూ ఆడే ఇళ్లలో 76 శాతం మంది ఆట తమ కాపురానికి మేలే చేసిందన్నారు. ఇద్దరూ కలిసి కూర్చుని ఆడేవి ఇప్పుడు బోలెడు. 2021లో స్వీడన్ సంస్థ హేజ్‌లైట్ తయారుచేసిన 'ఇట్ టేక్స్ టూ' ఒంటరిగా ఆడ్డానికే వీల్లేదు. విడాకుల దాకా వచ్చిన జంట బొమ్మలుగా మారిపోయి, ఒకరికొకరు సాయం చేసుకుంటే తప్ప అడుగు ముందుకు పడని కథ అది. ఆ ఏడాది 'ద గేమ్ అవార్డ్స్'లో ఉత్తమ ఆటగా నిలిచింది.

ఇల్లు సర్దుకోవడమే ఆటైనవీ ఉన్నాయి. 1991 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ కొండల్లో పెద్ద కార్చిచ్చు రేగింది. అందులో విల్ రైట్ అనే ఆటల రూపకర్త ఇల్లు బూడిదైంది. మళ్లీ మొదట్నుంచీ ఒక్కో వస్తువూ సమకూర్చుకుంటున్నప్పుడు, మనిషికి నిజంగా ఏయే సామాన్లు కావాలి, ఎందుకు కావాలి అన్న ఆలోచన ఆయన్ని పట్టుకుంది. దాన్నుంచి పుట్టిందే 2000లో వచ్చిన 'ద సిమ్స్'. గోడలు కట్టి, గదులు వేసి, సోఫాలు సర్ది, అందులో కుటుంబాన్ని కాపురం పెట్టించే ఆ ఆట ప్రపంచాన్నే ఊపేసింది. ఇల్లు బాగుచేయించేముందు భార్యా, భర్తా, పిల్లలూ కలిసి అలాంటి ఆటలో తమ ఇంటిని ఓసారి కట్టి చూసుకోవచ్చు. తెరమీద గోడ పగలగొడితే దుమ్ము లేవదు. మేస్త్రీ కూలీ అడగడు!

పర్సు భద్రం

ఇంటిపని అనుకున్న అంచనాలో పూర్తయిన దాఖలాలు తక్కువ. అలాంటప్పుడు ఆటలో జారిపోయే డబ్బు చిన్నదైనా పెద్దగానే కనిపిస్తుంది. తుపాకీకి కొత్త రంగు, బొమ్మకి కొత్త చొక్కా, తెరిస్తేగానీ ఏముందో తెలియని పెట్టె... యాభై, వంద అనుకుంటూనే నెల తిరిగేసరికి ఓ బాత్రూము కుళాయి ఖరీదవుతుంది. నెలకింత అని ముందే అనుకుని అంతకు మించకపోవడం మేలు. ఫోన్లో కార్డు వివరాలు దాచి ఉంచకూడదు. పిల్లల చేతికి ఓటీపీ చిక్కకూడదు.

పందెం ఆటల సంగతి పూర్తిగా వేరు. అది సరదా కాదు, జూదం. ఆన్‌లైన్ రమ్మీ లాంటి పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఇంటికోసం తెచ్చిన అప్పులోంచి 'రెట్టింపు చేసి పెడతా' అని ఒక్క రూపాయి అటు తీసినా అది ఆట కిందికి రాదు.

గీత దాటితే...

వారాంతంలో రెండు రాత్రులు మేలుకున్నంత మాత్రాన ఎవరూ రోగులైపోరు. దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక గీత గీసింది. 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో 'గేమింగ్ డిజార్డర్'ని చేర్చింది. మూడు లక్షణాలు చూడాలి. ఎప్పుడు మొదలెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది చేతిలో లేకపోవడం. తిండి, ఉద్యోగం, కుటుంబం అన్నింటికన్నా ఆటే ముందుకు రావడం. నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆపలేకపోవడం. ఇవి సాధారణంగా ఏడాదిపాటు కొనసాగి, జీవితాన్ని బాగా దెబ్బతీస్తుంటేనే దాన్ని జబ్బుగా లెక్కిస్తారు.

అలాంటప్పుడు తిట్లు పనిచేయవు. రూటర్ దాచేయడమూ పనిచేయదు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2014లోనే ఇలాంటి సమస్యల కోసం 'షట్' క్లినిక్‌ను ప్రారంభించింది. ఇంట్లోంచే మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ 'టెలీ మానస్' ఉచిత సేవ ఉంది. నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడొచ్చు. మనిషి మనసు పూర్తిగా బీటలు వారకముందే ఫోన్ చేయాలి.

ఇవి కుదురుతాయేమో చూడండి

* వారం మొదట్లోనే ఇంటిపనుల పట్టికా, ఆట రాత్రులూ ఒకే క్యాలెండర్ మీద రాయాలి. స్లాబు వేసే రోజు, టైల్స్ వచ్చే రోజు ఆట ఉండదు. జట్టుకీ ముందే చెప్పాలి.

* పని మధ్యలో పది నిమిషాల ఖాళీకి చదరంగం బ్లిట్జ్ లాంటి పొట్టి ఆట. అరగంట మ్యాచ్ రాత్రికే. ఎవరు పిలిచినా లేవాల్సిన వేళ పాజ్ ఉన్న ఆటే ఆడాలి.

* మ్యాచ్ మొదలెట్టేముందే 'ఇరవైకి అయిపోతుంది' అని ఇంట్లో చెప్పాలి. ఇరవైకి లేవాలి. పిలిచేవాళ్లు కూడా ప్రాణం మీదికొస్తే తప్ప ఆ ఇరవై దాకా ఆగాలి.

* పడుకునే ముందు అరగంట తెరలన్నీ బంద్. గ్రానైటు రంగు అప్పుడే తేల్చుకోవాలి.

* నెలకోసారి ఇద్దరి గంటలూ పక్కపక్కన రాసి చూసుకోవాలి. ఒకవైపు పళ్లెం బరువెక్కితే వచ్చే నెల సరిచేయాలి.

ఇంటిపని ఎన్నాళ్లు సాగినా ఒకనాటికి పూర్తవుతుంది. మేస్త్రీ చివరి లెక్క తీసుకుని వెళ్లిపోతాడు. ఇప్పుడు వెర్రిగా ఆడుతున్న ఆట కూడా నాలుగైదేళ్లలో పాతబడుతుంది, ఇంకోటి వస్తుంది. మిగిలేది ఆ గోడల మధ్య ఉండే మనుషులే. వాళ్లు రాత్రి పదింటికి ఒకరినొకరు ఏం పలకరించుకుంటున్నారన్నదాన్నిబట్టే ఆ ఇంటి గట్టిదనం తెలుస్తుంది. గోడకైనా కాపురానికైనా రోజూ కాసిని నీళ్లు పడాలి... ఎండిపోకముందే!